కొల్లేరు: ఐదో కాంటూరు గీత వెనక అసలు కథ

ఇవాళ్టి ఎపిసోడ్ కొల్లేరు గురించి. ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం వైపు రైల్లో వెళ్తుంటే కుడి పక్కన పొలాలు కనిపిస్తాయి కదా, వాటి అవతల ఉన్న సరస్సు. మనలో చాలామందికి కొల్లేరు అంటే రెండే గుర్తొస్తాయి. ఒకటి ఆటపాకలో గూడబాతుల ఫోటోలు, అదే పెలికాన్లు. రెండోది ఎలక్షన్లప్పుడు వినిపించే "కాంటూరు" అనే మాట. ఈ రెండో మాట అర్థమైతే గొడవంతా అర్థమైపోతుంది.

ముందు కొంచెం వెనక్కి వెళ్దాం. కొల్లేరు కోసం కొట్లాట కొత్తది కాదు. క్రీ.శ. 634 నాటి ఐహోళె శాసనంలో రెండో పులకేశి గెలిచిన యుద్ధాల లిస్టు ఉంటుంది. అందులో "కునాల" అనే నీటి దగ్గర జరిగిన యుద్ధం ఒకటి. చచ్చిపోయిన సైనికుల రక్తంతో ఆ నీళ్లు ఎర్రబడ్డాయని కవి వర్ణిస్తాడు. ఆ కునాల మన కొల్లేరే అని చాలామంది చరిత్రకారులు అంటారు. పక్కనే వేంగి, అంటే ఇప్పటి పెదవేగి. ఈ నేల ఎవరి చేతిలో ఉంటే వేంగి వాళ్లదే.

ఇక సరస్సు సంగతి. అటు గోదావరి డెల్టా, ఇటు కృష్ణా డెల్టా, మధ్యలో పల్లం. బుడమేరు, తమ్మిలేరు లాంటి ఏర్లు ఇందులోకే వస్తాయి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యాక కాలువలొచ్చాయి, వరి పెరిగింది, పొలాల మురుగునీరూ ఇటే దారి పట్టింది. ఇన్ని నీళ్లు బయటికెళ్లేది మాత్రం ఉప్పుటేరు మీదుగా. సముద్రం దాకా సుమారు 60 కిలోమీటర్ల ప్రయాణం. వానొచ్చినప్పుడు అన్ని నీళ్లూ ఒకేసారి పోలేవు. అందుకే కొల్లేరు వాటిని పట్టుకుని, మెల్లగా వదులుతుంది.

కొల్లేరు లోతైన గిన్నె కాదు, పళ్లెం లాంటిది. నీళ్లు ఒక్క అడుగు పెరిగితే వేల ఎకరాలు మునుగుతాయి. సముద్రమట్టం నుంచి ఇన్ని అడుగుల ఎత్తు అని గీసే గీతే కాంటూరు. మూడో కాంటూరు వరకు సరస్సు సుమారు 135 చదరపు కిలోమీటర్లు. ఐదు వరకు 308. పది వరకు 901. నేను సాఫ్ట్‌వేర్‌లో పనిచేసినప్పుడు ఒక్క నంబర్ మారిస్తే సిస్టమంతా మారిపోవడం చూశాను. ఇక్కడ 5 తీసి 3 పెడితే సగానికి పైగా సరస్సు మాయం.

ఇప్పుడు అసలు కథ. సరస్సు లోపలి లంక గ్రామాల్లో తరతరాలుగా ఉన్నది ఎక్కువగా వడ్డి కులస్థులు. దోనెలేసుకుని, మావులు పెట్టి చేపలు పట్టుకునేవాళ్లు. 1970ల్లో ప్రభుత్వం పేద మత్స్యకారులు, దళితులతో సహకార సంఘాలు పెట్టించి, సరస్సు భూముల్లో చేపల చెరువులు తవ్వించింది. ఉద్దేశం మంచిదే. కానీ బొచ్చె, శీలావతి పెంచాలంటే మేత, మందులు, పెట్టుబడి కావాలి. ఆ డబ్బు పేదవాడి దగ్గర ఎక్కడిది? డబ్బున్నవాళ్లు బయట నుంచి వచ్చి లీజుకు తీసుకున్నారు. కాగితం మీద పేరు సంఘానిది, లారీల్లో కోల్‌కతా వైపు వెళ్లే చేపల లాభం వాళ్లది.

2001 ఫిబ్రవరి 9న తీసిన ఉపగ్రహ చిత్రాలను పరిశీలిస్తే 245 చదరపు కిలోమీటర్ల సరస్సు ప్రాంతంలో దాదాపు 42 శాతం చేపల చెరువులే అని తేలింది. వెయ్యికి పైగా చెరువులు. ప్రతి చెరువుకీ గట్టు ఉంటుంది, ప్రతి గట్టూ వరద నీటికి అడ్డం. పక్షుల సంగతి కూడా చెప్పాలి. 1946లో కె.కె. నీలకంఠన్ అనే పక్షి పరిశీలకుడు కొల్లేరు ప్రాంతంలో గూడబాతుల కాలనీ చూశారు, దాదాపు 3 వేల పక్షులు. 1975 ప్రాంతానికి ఆ కాలనీ లేదు. ఆటపాకలో ఇవాళ మనం చూసేవి తర్వాత తిరిగొచ్చిన పక్షులు.

1999లో ఐదో కాంటూరు వరకు వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలగా రామ్‌సార్ జాబితాలోకి ఎక్కింది. అయినా చెరువులు ఆగలేదు. చివరికి 2006లో, సుప్రీంకోర్టు నియమించిన కేంద్ర సాధికార కమిటీ జోక్యంతో, "ఆపరేషన్ కొల్లేరు" మొదలైంది. పొక్లెయిన్లు దిగాయి, గట్లు తెగాయి. లీజుదారు పెట్టుబడి ఇంకోచోట పెట్టుకోగలడు. లంకలో ఉన్న కూలీకి ఇంకో ఊరు లేదు. సొంత పట్టా ఉన్న జిరాయితీ రైతుల పొలాలు కూడా గీత లోపలే ఉండిపోయాయి, సాగుకు ఆంక్షలు, అమ్ముకుందామంటే కొనేవాడు లేడు.

ఆ కోపంలోంచే "మూడుకి తగ్గించండి" అనే డిమాండ్ వచ్చింది. 2008లో అసెంబ్లీ తీర్మానం కూడా చేసింది. కేంద్రం వేసిన అజీజ్ కమిటీ పరిశీలించి, తగ్గించొద్దు, జిరాయితీ భూములకు పరిహారం ఇచ్చి తీసుకోండి అంది. గీత అలాగే ఉంది. పరిహారం గొడవ తేలలేదు, చెరువులు మళ్లీ పుట్టుకొచ్చాయి.

2024 సెప్టెంబర్‌లో బుడమేరు విజయవాడను ముంచింది గుర్తుందా? అక్కడ కారణాలు వేరే ఉన్నాయి. కానీ ఆ బుడమేరు నీళ్లు చివరికి చేరేది ఇక్కడికే. కొల్లేరు ఉబ్బింది, లంక గ్రామాల దారులు మునిగాయి, ఏలూరు–కైకలూరు రోడ్డు ఆగింది. మళ్లీ నష్టపోయింది అదే లంక మనుషులు.

అందుకే "పక్షులా, మనుషులా" అని అడిగితే నాకు ఒళ్లు మండుతుంది. గీత తగ్గిస్తే లాభం మళ్లీ లీజుదారుకే, వరద మళ్లీ లంకకే. పరిహారం లేకుండా గీత ఉంచినా రైతుకి అన్యాయమే. నా అభిప్రాయం ఇది: గీత ఐదు దగ్గరే ఉండాలి, జిరాయితీ రైతుకి న్యాయమైన డబ్బు రావాలి, సంప్రదాయ చేపల వేట హక్కు లంక వాళ్లదిగానే ఉండాలి.

మీది కొల్లేరు పక్క ఊరైతే ఇంట్లో పెద్దవాళ్లని ఒక్కటి అడగండి: మీ చిన్నప్పుడు వానాకాలం నీళ్లు ఎక్కడి దాకా వచ్చేవి? వాళ్లు చెప్పిన చోటు మ్యాప్‌లో గుర్తు పెట్టుకోండి. రేపు ఎవరైనా మూడో కాంటూరు అని ఓటు అడగడానికి వచ్చినప్పుడు పనికొస్తుంది. మళ్లీ కలుద్దాం.