హద్దులకు అవతలి నీడ

తెలుగునాట భూమి చేతులు మారినప్పుడు రాసుకునే విక్రయ దస్తావేజుల్లో ఒక పాత వాక్యం ఈనాటికీ అక్కడక్కడ కనిపిస్తుంది. అమ్మేవారు తమ స్థలాన్ని నిధి, నిక్షేప, జల, పాషాణ, అక్షిణి, ఆగామి, సిద్ధ, సాధ్యాలనే అష్టభోగాలతో కొనేవారికి స్వాధీనపరుస్తున్నట్టు అందులో ఉంటుంది. అంటే నేలలో దొరికే ధనం, దాచిపెట్టిన సొమ్ము, నీరు, రాయి, తరగని ఫలసాయం, ఇకముందు రాబోయేది, ఇప్పటికే చేకూరినది, శ్రమించి సాధించుకోదగినది అనే ఎనిమిది విధాల అనుభవ హక్కులూ నేలతోపాటే సంక్రమిస్తాయని అర్థం. కొన్ని దస్తావేజుల్లో వీటి సరసన చెట్లు కూడా చేరతాయి. ఆ వెంటనే హద్దులు మొదలవుతాయి: తూర్పున ఎవరి ఇల్లు, పడమర ఏ బాట, ఉత్తరాన ఎవరి స్థలం, దక్షిణాన ఏ కాలువ అని నాలుగు దిక్కులూ రాస్తారు. ఎంత ధారాళంగా రాసినా దస్తావేజు ఇవ్వగలిగేది ఆ నాలుగు హద్దులకు లోపల ఉన్నదాన్ని మాత్రమే. పట్టణంలో ఉంటూనే సందడికి దూరంగా, చెట్ల మధ్య ఇల్లు కావాలనుకునేవారు ఎక్కువ ధర పెట్టేది మాత్రం హద్దులకు బయట ఉన్నవాటి కోసం, అంటే పక్కనున్న తోపు కోసం, ఎదుటి గుట్ట కోసం, చెరువు మీదుగా వచ్చే గాలి కోసం. అవి నిలుస్తాయా పోతాయా అన్నది కొన్నవారి చేతుల్లో ఎన్నడూ లేదు. అవి ఎవరి ఆధీనంలో, ఏ చట్టం కింద ఉన్నాయన్నదే దాన్ని తేల్చింది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాల చరిత్రను హైదరాబాదు కొండల చరిత్రతో కలిపి చదివితే ఈ సంగతి స్పష్టంగా కనిపిస్తుంది.

నిజాం రాజ్యంలో కృష్ణా, తుంగభద్రల పరిసరాలు చాలావరకు సంస్థానాల ఏలుబడిలో ఉండేవి. సంస్థానమంటే నిజాముకు పేష్కష్ అనే వార్షిక కప్పం చెల్లిస్తూ, తన పరిధిలో శిస్తు వసూలు, న్యాయం, పోలీసు వంటి అధికారాలు నిలుపుకొన్న స్థానిక ప్రభుత్వం. రెండు నదుల నడుమ ఉండడం వల్ల నడిగడ్డ అని పేరుపడిన నేలలో గద్వాల కోటను 18వ శతాబ్ది తొలినాళ్లలో సోమనాద్రి అని ప్రసిద్ధుడైన పెద సోమభూపాలుడు కట్టించాడు. వనపర్తి పాలకులు మొదట సూగూరు కేంద్రంగా ఉండి తరువాత వనపర్తికి మారారు. వారి ఏలుబడిలోనే శ్రీరంగాపురంలో చెరువు ఒడ్డున రంగనాయకస్వామి ఆలయం వెలసింది. జటప్రోలు సంస్థానాధీశులు కొల్లాపురం నుంచి పాలించారు, ఆ ఊరి మామిడితోటల పేరు ఇప్పటికీ నిలిచి ఉంది. ఈ కేంద్రాలన్నింటిలోనూ విశాలమైన ఖాళీ, నీడ, నిశ్శబ్దం అనేవి రాజనివాసాలకు, దేవాలయాలకు, వాటిని అంటిపెట్టుకున్న తోటలకు చెందినవి. సామాన్యుడి ఇల్లు వాడలో, కులవృత్తిని బట్టి ఏర్పడిన వీధిలో, గోడకు గోడ ఆనించి ఉండేది.

గద్వాల నేతగాళ్ల ఇళ్లు దీనికి మంచి ఉదాహరణ. గుంట మగ్గం నడవాలంటే నేలలో గొయ్యి తీయాలి. నేతగాడు నేలమట్టానికి కూర్చుని, కాళ్లు ఆ గుంటలోకి దించి తొక్కుడు పలకలు ఆడిస్తాడు. కాబట్టి మగ్గం ఉన్న గది నేల మీదే ఉండాలి, పడుగు సరిచేయడానికి ఇంటి ముందు పొడవైన వీధి ఉండాలి, ఆ పనిలో చేయి వేసే బంధువులు పక్కింట్లోనే ఉండాలి. నూలు చీరకు పట్టు అంచు, పట్టు కొంగు కలిపి నేసే పనికి పేరుపొందిన ఆ వీధుల్లో ఇల్లు అమ్ముకుని ఏకాంతం వెతుక్కోవడమంటే వృత్తినే వదులుకోవడం. ఇల్లు పంపకాల్లో చేతులు మారేది, లేదా కుటుంబం చితికిపోయినప్పుడు ఊళ్లోవారికే దక్కేది. అలాంటి లావాదేవీలు చాలావరకు సాదా బైనామాల మీద నడిచేవి. స్టాంపు, రిజిస్ట్రేషన్ లేకుండా తెల్లకాగితం మీద సాక్షుల ఎదుట రాసుకునే క్రయపత్రానికి తెలంగాణలో ఆ పేరు. పరిచయం లేని చోట, పరిచయం లేనివారి మధ్య, కేవలం పరిసరాలు నచ్చి ఇల్లు కొనడమన్నది ఈ వ్యవస్థలో ఊహకైనా అందని పని.

ఆ కోరికకు తొలి రూపం హైదరాబాదులో కనిపిస్తుంది, దానికి తక్షణ కారణం భయం. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద నగరాన్ని ముంచెత్తి వేలమందిని బలిగొన్నది; 1911 ప్రాంతంలో ప్లేగు వ్యాపించింది. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి సంస్థ ఇరుకు బస్తీలను తొలగించి వెడల్పు రోడ్లు, కొత్త నివాసాలు కట్టించే పని చేపట్టింది. స్తోమత ఉన్నవారు నదికి దూరంగా ఎత్తైన చోటు వెతికారు. నగరానికి పడమరగా ఉన్న రాతి గుట్టలు అప్పటికి చిట్టడవి. సంచార వర్తకులుగా జీవించిన బంజారాలు, అంటే లంబాడాలు, అక్కడ ఉండడం వల్ల ఆ గుట్టలకు బంజారాహిల్స్ అనే పేరు వచ్చింది. నిజాం ప్రభుత్వంలో ఉన్నతాధికారిగా పనిచేసి, 1960లో గుజరాత్ రాష్ట్రానికి తొలి గవర్నరు అయిన మెహదీ నవాజ్ జంగ్ అక్కడ ఇల్లు కట్టుకున్న తొలితరం వారిలో ప్రముఖుడు. ఆయన గుట్టను చదును చేయించలేదు. కోట్ల ఏళ్ల నాటి బండరాళ్లను ఉన్నచోటే ఉంచి, వాటినే గోడలుగా, కప్పులుగా కలుపుకుంటూ ఇంటిని అమర్చాడు. 1933లో హైదరాబాదు వచ్చిన రవీంద్రనాథ్ టాగూర్ ఆయన అతిథిగా ఆ కొండల మీద గడిపి, వాటి మీద ఒక కవిత రాశాడు. ఇంటి కోసం రాయిని కాక రాయి కోసం ఇంటిని మలచుకున్న ఆ పద్ధతిని తరువాతివారు అనుసరించి ఉంటే హైదరాబాదు పడమటి భాగం వేరుగా ఉండేదనడంలో అతిశయోక్తి లేదు.

ఆ గుట్టల పాదాన ఉన్న ఏ.సి. గార్డ్స్ అనే పేట వనపర్తి చరిత్రతో ముడిపడి ఉంది. వనపర్తి సంస్థానాధీశులు ఆఫ్రికా సంతతికి చెందిన సిద్దీలతో ఒక అశ్వికదళాన్ని పోషించారు. అది నిజాం సైన్యంలో కలిసి ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అయింది. ఆ సైనికులు నివసించిన చోటుకు దళం పేరే మిగిలింది. సైన్యం రద్దయిన తరువాత వారి వారసులు అక్కడే ఇరుకైన ఇళ్లలో ఉండిపోగా, కొద్ది దూరంలోని గుట్టల మీద స్థలాల ధరలు దశాబ్దం తరువాత దశాబ్దం పెరుగుతూ పోయాయి. ఒకే కొండకు పైన ఏకాంతాన్ని కొన్నవారూ, కింద కొలువు మీద వచ్చి స్థిరపడినవారూ ఉండడం ఆ నగర నిర్మాణం గురించి చాలా చెబుతుంది.

1949 ఆగస్టులో జాగీర్ల రద్దు శాసనం వచ్చింది. జాగీర్లతోపాటు సంస్థానాల పాలనాధికారాలూ ముగిశాయి. గద్వాలను 1924 నుంచి మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ పాలించింది. ఆమె పేరుతో ఏర్పడిన ప్రభుత్వ డిగ్రీ కళాశాలకు కోట ఆవరణే నెలవైంది. వనపర్తి రాజప్రాసాదంలో 1959లో పాలిటెక్నిక్ కళాశాల వెలిసింది. ఆ వంశానికి చెందిన మూడవ రాజా రామేశ్వరరావు దౌత్యవేత్తగా, పార్లమెంటు సభ్యుడిగా, ప్రచురణకర్తగా జీవించగా, ఆయన భార్య శాంతా రామేశ్వరరావు 1961లో హైదరాబాదులోని సైఫాబాద్‌లో విద్యారణ్య పాఠశాలను స్థాపించింది. సచివాలయానికి అంత దగ్గరలో చెట్లతో నిండిన ఆవరణ ఈనాడు మరొకటి దొరకడం కష్టం. ఈ మూడు చోట్లా జరిగినది ఒకటే. రాజుల ఏకాంతం అంగడికి రాకుండా విద్యార్థుల చేతికి వచ్చింది. ముక్కలుగా కొలిచి అమ్మి ఉంటే, ఆ ఆవరణల్లోని చెట్లు పునాదుల కింద పోయి ఉండేవి.

హైదరాబాదులోనే ఉన్న జూబ్లీహిల్స్ కథ దీనికి భిన్నమైనది. ఐ.ఏ.ఎస్. అధికారి చల్లగళ్ల నరసింహారెడ్డి చొరవతో 1962లో అక్కడ గృహనిర్మాణ సహకార సంఘం ఏర్పడింది. సహకార పద్ధతిలో సభ్యులు వాటాధనం కట్టి సంఘంలో చేరతారు, సంఘం ప్రభుత్వం నుంచి టోకున భూమి తీసుకుని రోడ్లు వేసి స్థలాలు కేటాయిస్తుంది. ఈ సంఘానికి సుమారు 1,400 ఎకరాల రాళ్ల నేల లభించింది. నీరు లేని, బస్సు రాని, రాత్రిపూట నక్కలు తిరిగే చోట స్థలం తీసుకునేందుకు మొదట్లో జనం వెనకాడారు. 1976లో అన్నపూర్ణ స్టూడియో ప్రారంభమై చలనచిత్ర పరిశ్రమ మద్రాసు నుంచి క్రమంగా తరలివచ్చాక ఆ వెనుకంజ పోయింది. స్థలం కొన్న ప్రతివారూ తమ బండను పగలగొట్టించి పునాది తీశారు. పక్కవారి బండ మాత్రం ఎప్పటికీ అలాగే ఉంటుందనుకున్నారు. బండలు పగలగొట్టినవారిలో, మట్టి మోసినవారిలో, గోడలు లేపినవారిలో పాలమూరు, అంటే పాత మహబూబ్‌నగర్ జిల్లా, కూలీలు ఎందరో. వానలు కరువై, సాగునీరు అందక, గుంపు మేస్త్రీల వెంట దేశమంతటా ఆనకట్టలకూ కాలువలకూ వలసపోయిన ఈ జనమే రాజధానిలోని ఖరీదైన ఏకాంతాన్ని తమ చేతులతో కట్టిపెట్టారు. ఆ కొండల మీద వారు వేసుకున్న గుడిసెల చరిత్రకు ఇళ్ల యజమానుల చరిత్రకు దక్కిన చోటులో పదోవంతైనా దక్కలేదన్నది బాధాకరమైన నిజం.

ఆ కొండల మీద ఇప్పుడు అడవి అనదగినదేదైనా ఉంటే, అది అమ్మకానికి పెట్టడానికి వీల్లేని చోటే ఉంది. నిజాం కుటుంబానికి చెందిన చిరాన్ ప్యాలెస్ చుట్టూ ఉన్న వనం పట్టణ భూపరిమితి చట్టం నేపథ్యంలో ప్రభుత్వపరమైంది. నగర ప్రాంతంలో ఒక వ్యక్తి ఉంచుకోదగిన ఖాళీ భూమికి హద్దు విధించిన 1976 నాటి చట్టమది. సుమారు 390 ఎకరాల ఆ వనం 1998లో కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ వనంగా ప్రకటితమైంది. నెమళ్లు తిరిగే ఆ వనానికి ఎదురుగా ఇల్లు ఉండడం చుట్టుపక్కల ధరల్లో పెద్ద భాగం. 2016లో వనం చుట్టూ ఉన్న కూడళ్లలో పైవంతెనల కోసం చెట్లు కొట్టబోయినప్పుడు నగరవాసులు వీధిలోకి వచ్చి, న్యాయస్థానాలకెక్కి ఆ పనిని అప్పటికి నిలువరించారు. తమ దస్తావేజులో లేని చెట్ల కోసం కొన్నవారు, కొనలేనివారు కలిసి నిలబడిన ఘటనగా అది గుర్తుంచుకోదగినది.

2016 అక్టోబరు 11న పాత మహబూబ్‌నగర్ జిల్లా నుంచి జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలు ఏర్పడడంతో ఇదే కోరిక, ఇదే బేరం ఆ పట్టణాలకూ చేరాయి. కలెక్టరేట్లు, వైద్య కళాశాలలు, కొత్త కొలువులు వచ్చాక పట్టణాల అంచుల్లోని చేలూ మామిడితోటలూ వెంచర్లయ్యాయి. సాగుభూమిని గజాల లెక్కన ముక్కలు చేసి రంగురాళ్లు పాతి అమ్మే లేఅవుటును ఈనాడు జనం వెంచర్ అనే పిలుస్తున్నారు. ప్రశాంతమైన పచ్చని పరిసరాలని కరపత్రాల్లో చూపేది తరచుగా పక్కనున్న చెరువునో గుట్టనో. నాగర్‌కర్నూలులో కేసరి సముద్రం వంటి పెద్ద చెరువు దగ్గర ఇల్లన్నది ఎవరికైనా ఆశ కలిగించేదే. చెరువు నిండినప్పుడు మునిగే శిఖం భూమి, దాని చుట్టూ విడిచిపెట్టవలసిన నిషేధ ప్రాంతం ఎక్కడిదాకా అన్నది రెవెన్యూ, నీటిపారుదల శాఖల పటాల్లో చూసుకోకుండా కొన్న స్థలం మాత్రం ఒక్క మంచి వానాకాలంతో తగాదాగా మారుతుంది. సాగుభూమిని ఇళ్ల స్థలంగా మార్చడానికి 2006 నాటి చట్టం కింద అనుమతి కావాలి, చెట్టు కొట్టడానికి 2002 నాటి నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం కింద అనుమతి కావాలి, లేఅవుటులో కొంత భాగాన్ని ఉద్యానం కోసం వదిలి పురపాలక సంఘానికి అప్పగించాలి. 2019 నాటి పురపాలక చట్టం బడ్జెట్టులో 10 శాతాన్ని పచ్చదనానికి కేటాయించమంటుంది. సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో తీసే ఈసీ, అంటే స్థలం మీది పాత లావాదేవీల, తాకట్టుల పట్టిక, హద్దుల లోపలి చరిత్రను చూపుతుంది. ఎదుటి తోపు పట్టా భూమా, దేవాదాయ భూమా, అటవీ భూమా అన్నది కొనేవారు వేరుగా వెతుక్కోవలసిందే. తోపు ఎవరో ఒకరి పట్టా అయితే అది రేపటి వెంచరే.

వెంచరు కాలేని పచ్చదనమూ ఈ ప్రాంతంలోనే ఉంది: నాగర్‌కర్నూలు జిల్లా దక్షిణపు అంచున ఉన్న నల్లమల అడవి. అమ్రాబాదు పులుల అభయారణ్యంలోని పెంటల్లో, అంటే కొద్దిపాటి గుడిసెల ఆవాసాల్లో, చెంచులు తరతరాలుగా నివసిస్తున్నారు. 1940ల్లో వారి జీవితాన్ని అధ్యయనం చేసిన మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ వారి గురించి 1943లో పుస్తకం వెలువరించాడు. 2019లో యురేనియం అన్వేషణ ప్రతిపాదన వచ్చినప్పుడు అక్కడివారు చేసిన ఆందోళన రాష్ట్రమంతటా వ్యాపించి, ఆ సెప్టెంబరులో శాసనసభ దానికి వ్యతిరేకంగా తీర్మానం చేసింది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం కింద చెంచు కుటుంబానికి లభించే హక్కుపత్రం పట్టణంలోని స్థలం దస్తావేజు వంటిది కాదు. ఆ హక్కు తల్లిదండ్రుల నుంచి పిల్లలకు సంక్రమిస్తుంది, భార్యాభర్తలిద్దరి పేరా నమోదవుతుంది. దాన్ని అమ్మడానికి గానీ మరొకరికి బదిలీ చేయడానికి గానీ చట్టం ఒప్పుకోదు.