పెడల్ స్టీల్ గిటార్: పాత వాద్యాల గుర్తింపు, పునరుద్ధరణ – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం: పెడల్ స్టీల్ గిటార్ 20వ శతాబ్ది మధ్యభాగంలో అమెరికాలో రూపుదిద్దుకొంది. దీని చరిత్రలో తయారీదారుకూ వాదకునికీ మధ్య గీత స్పష్టంగా లేదు. వాదకులే దీనిని విప్పి, మార్చి, మళ్ళీ బిగించుకొన్నారు. అందువల్ల పాత వాద్యం ఒకటి దొరికినప్పుడు దానిని ఏ రూపానికి తిరిగి తేవాలన్న ప్రశ్న పునరుద్ధరణకు మాత్రమే సంబంధించినది కాదు, చరిత్ర రచనకూ సంబంధించినది. ఆ ప్రశ్నను వాద్య నిర్మాణం ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: పెడల్ స్టీల్ గిటార్, హవాయి గిటార్, షో-బడ్, ఎమ్మన్స్, పునరుద్ధరణ, మూలరూపం.

1. ఉక్కు కడ్డీ నుంచి పెడల్ వరకు

గిటార్‌ను ఒడిలో వెల్లకిలా పెట్టుకొని, తీగలపై ఉక్కు కడ్డీని జార్చి వాయించే పద్ధతి హవాయి దీవులలో పుట్టింది. దానికి ఆద్యునిగా ఒవాహు దీవిలోని లాయియేలో 1874లో జన్మించిన జోసెఫ్ కెకుకును పేర్కొంటారు. ఆయన కమెహమెహా పాఠశాల విద్యార్థిగా ఉన్నప్పుడు, 1889 ప్రాంతంలో, ఈ పద్ధతిని అభివృద్ధి చేసినట్లు ప్రసిద్ధి. భారతదేశంలో పుట్టి హొనొలులు చేరిన గేబ్రియల్ డేవియన్ అనే యువకుడు అంతకు ముందే ఇలా వాయించాడని మరొక కథనం ఉంది. తీగపై కొయ్యనో గాజునో జార్చి స్వరం పలికించే గోటువాద్యం, విచిత్రవీణ మన దేశంలో ఉన్నాయి. 13వ శతాబ్దికి చెందిన శార్ఙ్గదేవుని సంగీతరత్నాకరం ఏకతంత్రి వీణను వివరించింది. అందుచేత డేవియన్ కథనం మనవారికి ఆకర్షణీయంగా తోచడం సహజం. అయితే సాదృశ్యం వేరు, సంక్రమణం వేరు. ఒక వ్యక్తి జన్మస్థలాన్ని బట్టి ఒక వాద్య పద్ధతికి వంశవృక్షం గీయడం తొందరపాటు అవుతుంది.

1915లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన పనామా-పసిఫిక్ ప్రదర్శన తర్వాత హవాయి సంగీతం అమెరికా అంతటా వ్యాపించింది. పెద్ద సభలలో, బృందవాద్యాల మధ్య ఈ గిటార్ నాదం వినబడేది కాదు. 1920ల చివర దోప్యేరా సోదరులు లోహపు శంకువులు అమర్చి ధ్వనిని పెంచారు. జార్జ్ బోషాం రూపొందించగా 1932లో విపణిలోకి వచ్చిన అల్యూమినియం 'ఫ్రైయింగ్ పాన్' వాద్యం మరొక అడుగు ముందుకు వేసింది. విద్యుత్ గిటార్‌లలో వాణిజ్యపరంగా తొలుత నిలదొక్కుకొన్నది హవాయి పద్ధతిలో వాయించే ఈ గిటారేనన్న విషయం జనసామాన్యానికి అంతగా తెలియదు.

నాదం పెరిగినా ఒక చిక్కు అలాగే ఉండిపోయింది. తీగలపై అడ్డంగా పెట్టిన కడ్డీ అన్ని తీగలనూ ఒకే దూరం జరుపుతుంది. కాబట్టి తీగలకు ఏ శ్రుతి కట్టారో ఆ స్వరసమూహమే పైకీ కిందికీ కదులుతుంది. వాదకులు దీనికి విరుగుడుగా రెండు, మూడు, చివరకు నాలుగు మెడలున్న వాద్యాలు చేయించుకొని, ఒక్కొక్క మెడకు ఒక్కొక్క శ్రుతి కట్టుకొన్నారు. కాలితో తొక్కి తీగ బిగువును మార్చే ఆలోచన ఆ బరువులోంచే పుట్టింది. గిబ్సన్ సంస్థ 1940 ప్రాంతంలో తెచ్చిన ఎలక్ట్రాహార్ప్ అటువంటి తొలి ప్రయత్నాలలో ఒకటి. యుద్ధం అడ్డురావడంతో అవి తక్కువ సంఖ్యలోనే తయారయ్యాయి.

1948లో కాలిఫోర్నియాలో పాల్ బిగ్స్‌బీ స్పీడీ వెస్ట్ కోసం పెడల్ స్టీల్ ఒకటి తయారుచేశాడు. బిగ్స్‌బీ మోటారు సైకిళ్ళ నిర్మాణంలో చేయి తిరిగిన పనివాడు. ఈ వాద్యం అడుగుభాగాన్ని తిరగవేసి చూస్తే ఆ పూర్వవృత్తి ప్రాముఖ్యం అర్థమవుతుంది. పైన వీణవలె తీగలు, కింద యంత్రశాలవలె ఇరుసులు, కడ్డీలు, స్ప్రింగులు కనిపిస్తాయి.

2. తొక్కుతూ వాయించడం

1953 చివర నాష్‌విల్‌లో వెబ్ పియర్స్ పాడిన 'స్లోలీ' అనే పాటకు బడ్ ఐజాక్స్ సహవాద్యం వాయించాడు. 1954లో ఆ పాట అమెరికా అంతటా మారుమోగింది. అంతవరకు పెడల్‌ను ప్రధానంగా ఒక శ్రుతి నుంచి మరొక శ్రుతికి మారడానికి ఉపయోగించేవారు. ఐజాక్స్ తీగలు మోగుతుండగానే పెడల్ తొక్కాడు. దాంతో శ్రుతి మార్పు శ్రోతకు వినబడే సంగీతాంశమైంది.

దీనిని మన స్వరస్థానాలలో చెప్పుకొంటే సులభంగా బోధపడుతుంది. ఇ స్వరాన్ని షడ్జంగా భావిస్తే తీగలు స–గ–ప పలుకుతున్నాయనుకోవాలి. పెడల్ తొక్కగానే షడ్జం కదలదు. గాంధారం మధ్యమానికి, పంచమం ధైవతానికి జారుతాయి. స–గ–ప కాస్తా స–మ–ధ అవుతుంది. ఒకటి స్థిరంగా ఉండగా తక్కిన రెండూ జారడం ఒడిలోని గిటార్‌పై నిటారుగా పెట్టిన కడ్డీతో సాధ్యం కాదు. ఆ పాట విన్న తర్వాత పలువురు వాదకులు తమ పెడల్ లేని వాద్యాలకు దొరికిన తీగలూ కడ్డీలూ బిగించి ఆ ధ్వనికోసం ప్రయత్నించారు.

ఐజాక్స్ పద్ధతిలో ఒకే పెడల్ రెండు మార్పులనూ చేసేది. 1956లో బడ్డీ ఎమ్మన్స్ వాటిని రెండు పెడళ్ళుగా విడదీశాడు. 1962లో ఆయనే మరి రెండు తీగలను చేర్చాడు. నేడు నాష్‌విల్ ఇ9 అని పిలిచే పది తీగల శ్రుతి ఆ విధంగా ఏర్పడింది. పెడళ్ళ వరుసలోనూ భేదం వచ్చింది. ఎమ్మన్స్ వరుసకు జిమ్మీ డే వరుస తలకిందులుగా ఉంటుంది. ఇప్పటికీ వాదకులు ఈ రెండు సంప్రదాయాలుగానే ఉన్నారు.

3. దొరికిన వాద్యాన్ని చదవడం

ఈ వివరాలన్నీ పునరుద్ధరణ చేసేవారికి కాలనిర్ణయ సాధనాలు. పాత పెడల్ స్టీల్ తరచుగా వాదకుడు గతించిన తర్వాత, దానిని వాయించడం తెలియని కుటుంబం చేతిలోంచి బయటపడుతుంది. కాళ్ళు, పెడళ్ళను కలిపే కడ్డీలు ఊడదీసి పెట్టెలో సర్దే వీలున్న వాద్యం కావడంవల్ల ఏదో ఒక భాగం జారిపోయి ఉండడం మామూలే. రెండు మెడల వాద్యమైతే పెట్టెతో కలిపి 30 కిలోలకు అటూ ఇటూ తూగుతుంది. అటకలమీద, చావడి మూలల్లో అది ఏళ్ళ తరబడి కదలకుండా ఉండిపోవడానికి ఆ బరువు కూడా ఒక కారణం.

మొదట లెక్కపెట్టవలసినవి తీగలు. మెడకు ఎనిమిదే తీగలుంటే అది 1962 నాటి మార్పుకు ముందుదని ఊహించవచ్చు. కాని ఆ ఊహ అన్నిచోట్లా చెల్లదు. 1950ల చివర ఫెండర్ సంస్థ తెచ్చిన 400, 1000 నమూనాలు ఎనిమిది తీగల పద్ధతికే కట్టుబడ్డాయి. వీటిలో కడ్డీలకు బదులు ఉక్కు తాళ్ళు తీగలను లాగుతాయి. ఫ్లయింగ్ బరీటో బ్రదర్స్ బృందంలోని స్నీకీ పీట్ క్లైనో, నాష్‌విల్ అంతా పది తీగలకు మారిన తర్వాత కూడా ఎనిమిది తీగల ఫెండర్‌నే వాయించాడు. తీగల సంఖ్య ఒక్కటే చూసి కాలం నిర్ణయించడం, లిపి ఒక్కటే చూసి తాళపత్రానికి కాలం కట్టడం వంటిది.

తర్వాత చూడవలసింది దేహం. షాట్ జాక్సన్, బడ్డీ ఎమ్మన్స్ కలిసి 1950ల చివర నాష్‌విల్ ప్రాంతంలో స్థాపించిన షో-బడ్ సంస్థ పేరు, ఆ ఇద్దరి పేర్ల నుంచే వచ్చింది. చుక్కలు తేలిన మేపుల్ కలపపై మెరిసే ల్యాకర్, మెట్ల పలకపై పేకముక్కల గుర్తులు షో-బడ్ వాద్యాలలో ప్రసిద్ధం. ఎమ్మన్స్ 1963లో బయటికి వచ్చి రాన్ లాష్లీతో కలిసి నార్త్ కరొలినాలోని బర్లింగ్‌టన్‌లో తన పేరున సంస్థ ప్రారంభించాడు. ఆ వాద్యాలలో ఎక్కువ వాటికి కలపపై మైకా పలక అంటించి ఉంటుంది.

మూడవది, అన్నిటికంటె ఎక్కువ చెప్పేది, అడుగుభాగం. తీగ చివర ఉండే చేంజర్‌లో ఒక్కొక్క తీగకు ఒక్కొక్క లోహపు ఫింగర్ ఉంటుంది. అది ఒకవైపు తిరిగితే శ్రుతి హెచ్చుతుంది, మరొకవైపు తిరిగితే తగ్గుతుంది. ఎమ్మన్స్ తొలి వాద్యాలలో ఒక దిశకు తోయడం, మరొక దిశకు లాగడం ఉండేవి కాబట్టి దానికి 'పుష్-పుల్' అని పేరు. తర్వాత వ్యాపించిన పద్ధతిలో రెండు పనులూ లాగడంతోనే జరుగుతాయి. పుష్-పుల్‌ను సరిచేయడం కష్టం. ఒక తీగకు మరొక మార్పు చేర్చాలంటే చాలా భాగాలు కదపవలసి వస్తుంది. అయినా దాని నాదాన్ని మించినది రాలేదని చెప్పే వాదకులు నేటికీ ఉన్నారు.

4. ఏది మూలం?

అడుగుభాగంలో తరచుగా కనిపించేవి పూడ్చిన మరల రంధ్రాలు. మోకాలి లీవర్లు తొలి వాద్యాలలో లేవు. ఉన్నా ఒకటి రెండే. ఇ9 శ్రుతి విస్తరించినకొద్దీ వాదకుడు మూడవది, నాలుగవది బిగించుకొన్నాడు. తన కాలి పొడవుకు తగినట్లు జరుపుకొన్నాడు. ఒక్కొక్క రంధ్రం ఒక్కొక్క నిర్ణయానికి గుర్తు.

పునరుద్ధరణ చేసేవారిలో ఒక వర్గం వీటన్నిటినీ తీసివేసి కర్మాగారం నుంచి వెలువడిన నాటి స్థితికి తేవాలంటుంది. విపణిలో అటువంటి వాద్యానికే విలువ ఎక్కువ. అయితే తయారీదారులే వాదకుల మాట విని నెలనెలా మార్పులు చేసిన వాద్యానికి కర్మాగార స్థితిని పరమప్రమాణంగా తీసుకోవడం ఎంతవరకు సమంజసం? ఎమ్మన్స్ తన వాద్యాన్ని మార్చుకొనకపోతే నేటి ఇ9 శ్రుతే లేదు. ప్రతిలేఖకుడు చేర్చిన పద్యాలను ప్రక్షిప్తాలని కొట్టివేయడం వేమన పద్యాల పరిష్కర్తకు ఎంత కష్టమో, వాదకుడు చేర్చిన లీవర్‌ను ఊడదీయడం ఈ పునరుద్ధర్తకు అంత కష్టం కావాలి. ఇటీవల విప్పి చూడకుండా చేసిన మరమ్మతునూ, వాయించే వ్యక్తి సంగీతావసరంతో చేసిన మార్పునూ ఒకే గాట కట్టకూడదు. మొదటిదాన్ని తొలగించవచ్చు. రెండవదాన్ని తొలగించేముందు కనీసం కొలతలతో, ఛాయాచిత్రాలతో నమోదు చేయడం అవసరం.

ఈ అవసరం చర్చిలలో మోగిన వాద్యాల విషయంలో మరీ ఎక్కువ. హౌస్ ఆఫ్ గాడ్ అనే ఆఫ్రికన్ అమెరికన్ క్రైస్తవ శాఖలో 1930ల చివరి నుంచి స్టీల్ గిటార్ ఆరాధనలో భాగం. విల్లీ ఈసన్ వంటివారు దానితో పాడే గొంతును అనుకరించారు. 1970లలో చక్ క్యాంప్‌బెల్ పెడల్ స్టీల్‌ను ప్రవేశపెట్టి తన అవసరాలకు తగిన శ్రుతులు కల్పించుకొన్నాడు. జానపద పరిశోధకుడు రాబర్ట్ స్టోన్ కృషివల్ల 1990లలోనే ఈ సంప్రదాయం బయటి ప్రపంచానికి తెలిసింది. అటువంటి వాద్యాన్ని నాష్‌విల్ ప్రమాణానికి 'సరిచేస్తే' ఒక సమాజపు సంగీతానికి మిగిలిన భౌతిక సాక్ష్యం చెరిగిపోతుంది.

5. భారతదేశంలో పెడల్ లేని మార్గం

హవాయి గిటార్ మన దేశానికి పర్యటక బృందాల ద్వారా చేరింది. టావు మో కుటుంబం 1940లలో కలకత్తాలో నివసించింది. తర్వాత బ్రిజ్‌భూషణ్ కాబ్రా దానిని హిందూస్థానీ కచేరీ వాద్యంగా నిలిపాడు. 1967 నాటి 'కాల్ ఆఫ్ ది వ్యాలీ'లో వినిపించేది ఆయన గిటారే. విశ్వమోహన్ భట్ దానికి అనునాద తంతులు చేర్చి మోహనవీణ అన్నాడు. ఇక్కడ ఎవరూ పెడల్‌ను ఆశ్రయించలేదు. ఆధార శ్రుతిపై ఒకే స్వరధార సాగే సంగీతానికి మీండ్‌ను, గమకాన్ని కడ్డీయే పలికిస్తుంది. స్వరసమూహంలో ఒక్క స్వరాన్ని విడిగా కదపవలసిన అవసరమే లేదు.

6. మరమ్మతు పని

దశాబ్దాలుగా మూలపడిన వాద్యంలో చేంజర్ బిగుసుకుపోయి ఉంటుంది. పాత నూనె జిగురుగా మారి ఫింగర్లు వెనక్కి రావు. నాఫ్తాతో కడిగి, ఆరిన తర్వాత పలుచని నూనె చుక్క వేస్తే సగం రోగం కుదురుతుంది. ఫింగర్ల తలలపై తీగలు కోసిన గాడులు ఉంటాయి. సన్నని మూడవ తీగ మాటిమాటికి తెగుతుంటే ముందుగా అక్కడ చూడాలి. సన్నని ఎమరీ కాగితంతో గాడి తీసేటప్పుడు తల వంపు చెదరకూడదు. చదునైతే తీగ జుమ్మని మోగుతుంది. తంబురాకు జీవం పోసే ఆ గుణమే ఇక్కడ దోషం.

పికప్‌లోని తీగ వెంట్రుకకంటె సన్నన. తుప్పుపట్టి తెగితే మళ్ళీ చుట్టించవచ్చు గాని చుట్ల సంఖ్య మారితే గొంతు మారుతుంది. ల్యాకర్‌పై పగుళ్ళ విషయంలో చాలామంది ఏమీ చేయకపోవడమే మేలంటారు. పెడల్ తొక్కినప్పుడు దేహం స్వల్పంగా వంగి తక్కిన తీగల శ్రుతి దిగడం మరొక సమస్య. మరలు బిగిస్తే కొంత తగ్గుతుంది. పూర్తిగా పోదు.

1970లలోని కొన్ని షో-బడ్ వాద్యాలలో పాట్ మెటల్‌తో పోతపోసిన భాగాలు వయసుతో పెళుసెక్కి విరుగుతాయి. అతుకు నిలవదు. అచ్చంగా అదే కొలతతో అల్యూమినియంలో లేదా ఉక్కులో తిరిగి చేయించడమే దారి. వాయించదగిన వాద్యం కావాలంటే ఈ మార్పు తప్పదు. జాగ్రత్తగల పనివారు విరిగిన ముక్కలను పారవేయరు. ఏ భాగం ఎక్కడ నుంచి, ఏ తేదీన తీశారో చీటీ రాసి, గుడ్డసంచిలో కట్టి, వాద్యం పెట్టెలోనే ఉంచుతారు.