తెలుగులో వ్యవసాయ సాంకేతిక రచన

విత్తనం, ఎరువు, పురుగుమందు, పనిముట్టు వాడే తీరును రైతుకు చెప్పే రాత ఇది. తెలుగు సాంకేతిక రచనలో జనం బతుకుతో ఇంతగా ముడిపడ్డ శాఖ మరొకటి లేదు. అయినా దీన్ని రచనగా లెక్కించినవాళ్లు తక్కువ.

1906లో హైదరాబాదులో కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు స్థాపించిన విజ్ఞాన చంద్రికా మండలి శాస్త్ర విషయాలను తెలుగు పుస్తకాల్లోకి తెచ్చింది. అవి చదువుకున్నవాళ్ల కోసం. రైతు భాషను పండితులు పట్టించుకున్నది 1962లో వచ్చిన వ్యవసాయ మాండలిక పదకోశంతో. దానికి సంపాదకులు భద్రిరాజు కృష్ణమూర్తి. ఊళ్లు తిరిగి, సేద్యం చేసేవాళ్ల నోట విన్న పదాలే అందులోకి ఎక్కించారు. 1964లో రాజేంద్రనగర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం, 1969లో ‘అన్నదాత’ మాసపత్రిక మొదలయ్యాయి. వర్సిటీ ప్రచురించే ‘వ్యవసాయ పంచాంగం’ ఈనాటికీ పంటలవారీ సలహాలకు ఆధారగ్రంథం.

అన్నిటికన్నా ఎక్కువ చేతుల్లోకి వెళ్లిన రచన మాత్రం మందు డబ్బాలోని కరపత్రం. 1968 నాటి క్రిమిసంహారక మందుల చట్టం కింద 1971లో వచ్చిన నియమాలు అది ప్రాంతీయ భాషలోనూ ఉండాలన్నాయి. డబ్బా మీద ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ రంగులు విషతీవ్రతను వరుసగా చెబుతాయి. చదువు రానివాళ్లకూ పనికొచ్చే ఏర్పాటు. కరపత్రంలోనేమో చీమకాళ్లంత అక్షరాలు. 1997-98లో వరంగల్ పత్తి మీద లద్దెపురుగు విరుచుకుపడ్డప్పుడు చాలామందికి సలహా చెప్పింది ఆ కాగితం కాదు, మందులమ్మే దుకాణదారు.

దుకాణదారు సలహా మీద ఆధారపడటానికి విరుగుడు జనగామ వైపు నుంచి వచ్చింది. లింగాలఘనపురం మండలం ఎనబావి రైతులు 2006 నాటికి రసాయనాలు మానేశారు. ఇలాంటి సేద్యంలో సూచనలన్నీ నోటికొచ్చేంత పొట్టివి: 5 కిలోల వేపగింజల పొడిని రాత్రంతా నానబెట్టు, గుడ్డతో వడగట్టు, నీళ్లు కలిపి 100 లీటర్లు చెయ్యి, సాయంత్రం చల్లు. కొలత, సమయం, పని. వృథా మాట లేదు. చాలా కరపత్రాలకు కుదరనిది ఇక్కడ కుదిరింది.

2004లో మొదలైన కిసాన్ కాల్ సెంటర్లతో సలహా ఫోన్లోకి చేరింది. 2021లో మహబూబాబాద్, ఖమ్మం ప్రాంతాల మిరపను నల్ల తామర పురుగు ఊడ్చేసినప్పుడు ఏడాదికోసారి వచ్చే పుస్తకం చాల్లేదు; ఫొటో, వాట్సాప్ సందేశం, వాయిస్ రికార్డు ముందుకొచ్చాయి. ఖమ్మం జిల్లాలో 7,000 మంది మిరప రైతులతో నడిచిన ‘సాగు బాగు’ ప్రయోగంలో డిజిటల్ గ్రీన్ సంస్థ తెలుగులో వాట్సాప్ చాట్‌బాట్‌ను వాడింది. ఇక్కడ పట్టికలు పనికిరావు. ఎకరాకు ఎంత మందు, ఎన్ని నీళ్లు అన్నది ఒక్క వాక్యంలో, చెవికి అర్థమయ్యేలా రాయాలి. యంత్రం రాసినా సరే, ఆ అంకెను ముందుగా శాస్త్రవేత్త సరిచూడాల్సిందే.