బడిలో బొమ్మ: పిల్లవాని వాక్కు

మాటలు పూర్తిగా రాకమునుపే పిల్లవాడు బొగ్గుముక్కతో గోడమీద బొమ్మలు గీయును. పెద్దలు దానిని మచ్చగా నెంచి సున్నము కొట్టింతురు. వాడే బడిలో చేరిన పిమ్మట నల్లబల్లమీద ఉపాధ్యాయుడు వేసిన మామిడిపండును చూచి మామిడిపండు వేయవలయును. అది బల్లమీదిదానిని పోలినచో మార్కులు, పోలనిచో చీవాట్లు. నీవు చూచిన చెట్టెట్టిది, నీవు తిన్న పండెట్టిది యని యడుగువారు లేరు. ఈ పద్ధతి యెట్లు పుట్టెనో, దీనిని కాదన్నవారేమి చేసిరో తెలిసికొనుట మనకు మేలు.

చిత్రలేఖనము బడులలో ప్రవేశించినది పిల్లల కొరకు గాదు, పరిశ్రమల కొరకు. 1851లో లండనునందు జరిగిన మహాప్రదర్శనము పిమ్మట, ఆ నగరమున సౌత్ కెన్సింగ్టను కేంద్రముగా నొక బోధనాక్రమ మేర్పడెను. సరళరేఖలు, వక్రరేఖలు, లతలు, అచ్చుబొమ్మలు మెట్టుమెట్టుగా ననుకరింపవలెను. కర్మాగారములకు నమూనాలు గీయగల చేతులను తయారుచేయుటయే ఆ క్రమమునకు లక్ష్యము. మనదేశపు కళాపాఠశాలలమీదను దీని నీడ పడెను. అంతకు కొంచెము ముందు, 1850లో, అలెగ్జాండరు హంటరు అను వైద్యుడు మద్రాసున స్థాపించిన పాఠశాల కూడ చేతిపనుల యభివృద్ధినే ముఖ్యముగా గోరినది. చేతిపని నేర్చుట తప్పు గాదు. నేర్పుగల చేయి దేశమునకు సొత్తు. పనివానికి తగిన కొలబద్దను పసివానికిని పట్టుటయే తప్పు.

దీనిని మొట్టమొదట గట్టిగా త్రోసిపుచ్చినవారిలో ఫ్రాంజ్ చీజెక్ ఒకడు. ఇతడు 1865లో బొహీమియాలో జన్మించి, చిత్రకళ నభ్యసించుటకై 1885లో వియన్నా నగరమునకు వచ్చి, యొక వడ్రంగి యింట బస చేసెను. ఆ యింటి పిల్లలు ఇతని రంగులు, కుంచెలు చూచి తామును వేయుదుమనిరి, ఇతడు వేయనిచ్చెను. తన కిటికీ కెదురుగా నున్న చెక్కల దడిమీద వీధిపిల్లలు గీయు బొమ్మలను గూడ గమనించెను. ఎవరును నేర్పని ఆ గీతలలో నొక క్రమము, నొక ధర్మము కలవని యతనికి తోచెను. 1897లో నతడు పిల్లల కొరకే చిత్రకళాతరగతిని తెరచెను. అందు చూచి వ్రాయవలసిన మాదిరి లేదు. మొదటి ప్రపంచయుద్ధము ముగిసి వియన్నా ప్రజలు ఆకలితో నలమటించుచున్న కాలమున, 1920లో, ఆ పిల్లల బొమ్మలు లండనులో ప్రదర్శింపబడెను. పసివారి పనిని చూచుటకు పెద్దలు వరుసలు కట్టిరి.

అయినను ఒక విమర్శ కలదు. చీజెక్ శిష్యుల బొమ్మలు ఒకదానినొకటి పోలియుండెనని పలువురు చెప్పిరి. అది నిజమే. విషయములను సూచించినవాడు, సాధనములను చేతికిచ్చినవాడు, బాగున్నదని మెచ్చినవాడు నతడే గదా! గురువు మెప్పు కూడ నొక మాదిరియే. స్వేచ్ఛ యనగా ఉపాధ్యాయుడు చేతులు ముడుచుకొని కూర్చుండుట గాదు. తన రుచి పిల్లవాని రుచిని మ్రింగకుండ చూచుకొనుట.

చీజెక్ తరగతి బడి వెలుపలిది. సామాన్యమైన బడిలో, గంటకొట్టిన తరగతిలో, ఇది సాధ్యమా యను ప్రశ్నకు మేరియన్ రిచర్డ్‌సను అను నుపాధ్యాయిని సమాధానము చెప్పెను. ఈమె 1912లో ఇంగ్లండునందలి డడ్లీ పట్టణపు బాలికా పాఠశాలలో చేరెను. బాలికలను కన్నులు మూసికొమ్మని, ఒక వీధినో ఒక దృశ్యమునో మాటలతో వర్ణించెడిది. ఎవరి మనస్సున నేది కనబడెనో వారు దానినే వేయవలెను. వినినది ఒక్కటే, వేసినవి వేరువేరు. 1917లో రోజర్ ఫ్రై అను ప్రసిద్ధ విమర్శకుడు ఈ బొమ్మలను లండనులో ప్రదర్శించెను. రాత్రి మంచముమీద అమ్మమ్మ కథ వినుచు రాక్షసుని, రాజకుమారిని తమతమ కన్నులలో చూచుకొను మన పిల్లలకు ఈ పద్ధతి క్రొత్తది గాదు. ఆ చూపునకు బడిలో చోటు లేకపోవుటయే క్రొత్త.

మన నేలమీదను ఇట్టి గురువొక డుండెను. ఆస్వాల్డు కూల్డ్రే 1909 మొదలు 1919 వరకు రాజమహేంద్రవరపు ప్రభుత్వ కళాశాల కధ్యక్షుడు. ఆంగ్లము బోధించుట యతని యుద్యోగము. చిత్రములు వ్రాయుట యతని ప్రీతి. దామెర్ల రామారావు, అడివి బాపిరాజు, కవికొండల వేంకటరావు ఇతని యాదరమున పెరిగినవారు. 1897లో జన్మించిన రామారావు చేతిలోని శక్తిని కనుగొని, చిత్రకళాభ్యాసమునకై 1916లో బొంబాయికి పోవుటకు కూల్డ్రే తోడ్పడెను. చదువు ముగించి తిరిగి వచ్చిన రామారావు తెలుగు స్త్రీలను, గోదావరిని, తెలుగువారి బ్రతుకును చిత్రించి, రాజమహేంద్రవరమున చిత్రకళాశిక్షణమునకు పాదుకొల్పి, 1925లో ఇరువదియెనిమిదేండ్లయినను నిండక మసూచికిచే మరణించెను. బాపిరాజు కుంచెను, కలమును రెంటిని పట్టెను.

ఈ కథను మనము గర్వముతో చెప్పికొందుము. కాని దీనిలో నొక దుఃఖము కూడ కలదు. రామారావును చూచిన కన్ను ఒక్కటి. ఆ కన్నుగలవాడు ఆ కళాశాలకు గాక మరియొక యూరికి వచ్చియున్నచో నేమగును? అట్టి యధ్యక్షుడు లేని యూళ్లలో ఎందరి చేతులు ముడుచుకొనిపోయినవో లెక్కించువా రెవరు? ఒక్కరి దయమీద నిలిచిన విద్య వరమగునుగాని హక్కు గాదు. మరియు బడి పని చిత్రకారులను వెదకుట మాత్రమే గాదు. నలువదిమందిలో ఒకడు చిత్రకారుడు కావచ్చును. తక్కిన ముప్పదితొమ్మండుగురికిని చెప్పుకొనవలసిన మాట కలదు.

దీనికి ధనము పెద్దగా నక్కరలేదు. సుద్ద, బొగ్గు, పలక, కాగితము చాలును. ఉపాధ్యాయుడు బల్లమీద ముందుగా బొమ్మ వేయకుండుట, పిల్లవాని గీతను తన చేతితో దిద్దకుండుట, ఇదేమి యని యడిగి వాడు చెప్పునంతసేపు వినుట, ఇవి మూడును వలయును. వీనిలో మూడవది మిక్కిలి కష్టము; అదియే మిక్కిలి ముఖ్యము. వాని యేనుగు మనకు గుమ్మడికాయవలె కనబడవచ్చును. అది యేనుగని వాడు చెప్పినప్పుడు నమ్మగలవాడే వానికి గురువు.