అగ్ని నుంచి నిమ్స్‌కి, నిమ్స్ నుంచి ఎటు?

గుండెకో, కిడ్నీకో, మెదడుకో వైద్యం కోసం హైదరాబాద్ పంజాగుట్టలోని నిమ్స్ మెట్లెక్కేవాళ్లలో చాలామందికి అది ఎముకల ఆసుపత్రిగా పుట్టిందని తెలియదు. నిజాం ట్రస్టు 1960ల్లో కట్టించినప్పుడు దాని పేరు నిజాం ఆర్థోపెడిక్ హాస్పిటల్. తెలంగాణ మాటలో చెప్పాలంటే బొక్కల దవాఖాన. 1980ల్లో ఎన్టీఆర్ పిలుపు మీద అమెరికా నుంచి వచ్చిన డాక్టర్ కాకర్ల సుబ్బారావు తొలి డైరెక్టరుగా దాని రూపురేఖలు మార్చేశారు. 1989లో చట్టం చేసి విశ్వవిద్యాలయ హోదా ఇచ్చారు.

అదే ఏడాది మే 22న చాందీపూర్ నుంచి అగ్ని క్షిపణి తొలిసారి ఎగిరింది. దాన్ని తయారుచేసింది నగరానికి ఆ కొసన, కంచన్‌బాగ్‌లో ఉన్న రక్షణ పరిశోధనశాల డీఆర్‌డీఎల్. 1982 నుంచి పదేళ్లు దానికి డైరెక్టర్ అబ్దుల్ కలాం. వాతావరణంలోకి తిరిగి దూసుకొచ్చేటప్పుడు అగ్ని ముక్కు వేల డిగ్రీల వేడిని తట్టుకోవాలి, బరువు మాత్రం పెరగకూడదు. అందుకోసం అక్కడివాళ్లు తేలికైన, వంగని మిశ్రమ పదార్థాలను సాధించారు.

తర్వాతి కథ కలాం ఎన్నో సభల్లో చెప్పిందే. నిమ్స్ ఎముకల డాక్టరొకరు ఆయన ల్యాబుకి వచ్చారు. ఆ పదార్థం ముక్కని చేత్తో ఎత్తి చూసి, కలాంని తన వార్డుకి తీసుకెళ్లారు. అక్కడ పిల్లలు మూడు కిలోలకు పైగా బరువున్న లోహపు క్యాలిపర్లు తొడుక్కుని కాళ్లీడ్చుకుంటూ నడుస్తున్నారు. మూడు వారాల్లో 300 గ్రాముల క్యాలిపర్ తయారైంది. ఈ కథలో అందరూ కలాంనే చూస్తారు. నాకు ఆ డాక్టరే ముఖ్యుడు. క్షిపణి భాగాన్ని చేతిలోకి తీసుకుని కూడా ఆయన ఆలోచించింది తన వార్డులోని పిల్లల గురించే.

బరువు తగ్గడం సగం సంగతే. పోలియోతో తొడ కండరం చచ్చుబడితే అడుగేసిన ప్రతిసారీ మోకాలు ముందుకు మడుచుకుపోతుంది. పాత క్యాలిపర్ ఇనుప కడ్డీలతో, గొళ్లెంతో కాలిని బిగించి ఉంచేది. కొత్తదాన్ని ఫ్లోర్ రియాక్షన్ ఆర్థోసిస్ అంటారు. అది చీలమండను కదలకుండా పట్టి, మోకాలి కింద ముందువైపు కాలి ఎముకకి ఆనుకుంటుంది. పాదం నేలను తాకగానే నేల ఇచ్చే ప్రతిచర్య బలం ఆ తొడుగు ద్వారా ఎముకను వెనక్కి నెడుతుంది. మోకాలు మడవకుండా నిలుస్తుంది. నిలబెట్టే బలం నేలదే, తొడుగు చేయాల్సిందల్లా వంగకుండా ఉండటమే. క్షిపణికి కావాల్సిందీ ఆ గుణమే.

అదే దారిలో నిమ్స్‌లో పనిచేసిన హృద్రోగ నిపుణుడు బి.సోమరాజుతో కలిసి కలాం 1998లో కలాం-రాజు స్టెంట్ తెచ్చారు. దాని గురించి చాలామంది రాశారు, ఇక్కడ వదిలేద్దాం.

ఫ్యాక్టరీ నుంచి ఆసుపత్రికి రాకపోకలు లోకమంతటా ఉన్నవే. ఇంగ్లండులో జాన్ చార్న్‌లీ కృత్రిమ తుంటికి వాడిన గట్టి పాలిథిలీన్, 1962లో మగ్గాల గేర్ల కోసం దాన్ని అమ్ముకునే సేల్స్‌మన్ దగ్గర దొరికింది. మరి ఆసుపత్రి ఫ్యాక్టరీకి ఏమివ్వగలదు? ఈ ప్రశ్న మనవాళ్లు తక్కువగా అడుగుతారు.

దానికి ఒక జవాబు దంతవైద్యుల దగ్గర ఉంది. పంజాగుట్ట నుంచి అమీర్‌పేట దాకా ఏ మేడ మీద చూసినా వాళ్ల బోర్డులే. దవడలో బిగించిన టైటానియం ఇంప్లాంట్ ఎముకతో అతుక్కుందా లేదా? బిగించేటప్పుడు పట్టిన బలం చూస్తే ఆ సంగతి పూర్తిగా తేలదు. 1990ల్లో పరిశోధకుడు నీల్ మెరెడిత్ వేరే పద్ధతి చూపారు. ఇంప్లాంట్‌కి చిన్న కడ్డీ బిగించి, దాన్ని కంపింపజేసి, అనునాద పౌనఃపున్యం కొలవాలి. పట్టు గట్టిదైతే పౌనఃపున్యం పెరుగుతుంది. సంతలో కుండ కొనేవాళ్లు వేలితో కొట్టి వినేది ఇలాంటి సంగతే. ఇప్పటి పరికరాలు ఫలితాన్ని 1 నుంచి 100 వరకు అంకెగా చూపిస్తాయి. 70 దాటితే గట్టి పట్టు అని లెక్క.

బోల్టు బిగించే ఫిట్టర్‌దీ ఇదే బాధ. టార్క్ రెంచ్‌తో పెట్టిన బలంలో దాదాపు 90 శాతం మర చుట్ల మధ్య, నట్టు కింద రాపిడికే పోతుంది. బోల్టును సాగదీసి జాయింటును పట్టి ఉంచేది మిగిలిన కొద్ది భాగమే. కాస్త తుప్పో, నూనెచుక్కో ఉంటే ఆ లెక్కా తప్పుతుంది. రెంచ్ సరే అన్నంత మాత్రాన బోల్టు బిగిసినట్టు కాదు. పౌనఃపున్యమైతే జాయింటు బిగువు గురించే చెబుతుంది. పైగా మరునాడో, మరుసటేడో మళ్లీ కొలిచి పోల్చుకోవచ్చు.

ఐతే దంతవైద్యుడి పరికరాన్ని తెచ్చి ఫిట్టర్ చేతికిస్తే పని జరగదు. ఇంప్లాంట్ రకాన్ని బట్టి దానికి సరిపోయే కడ్డీ తయారై ఉంటుంది. ఫ్యాక్టరీలో బోల్టు పొడవు, మందం, పట్టే పలక మారితే చాలు, పౌనఃపున్యమూ మారిపోతుంది. అందుకే ఒకే కొలత బోల్టు వందలసార్లు వచ్చే చోట మొదలుపెట్టాలి: రైలు పట్టాల అతుకులు, గాలిమరల స్తంభాలు, కరెంటు టవర్లు. ముందు బాగా బిగిసిన జాయింటు దగ్గర కొలిచి పెట్టుకుంటే, తర్వాత అంకె పడిపోయిన బోల్టు ఏదో గ్యాంగ్‌మన్‌కీ తెలిసిపోతుంది.