ఏరుకొచ్చిన ఇనుము

ఆ ఫోను పక్కన పడేసి కుంపటి దగ్గరికి జరగండర్రా. మీ మామ్మ ముఢీలో ఉల్లిపాయా, ఆవనూనే కలిపి తెచ్చింది, ఆలస్యమైతే మెత్తబడిపోతాది. ఇందాకట్నుంచీ ఏటి చూస్తన్నారు? వేరే గ్రహం వాళ్లొచ్చి భూమంతా ఆక్రమించేసుకుంటే, మీ ఈడు గుంటలు పాడుబడ్డ కొంపల్లో దాక్కుని బతికేరా? బాగుంది. అయితే వాళ్లెప్పుడూ అమెరికాలోనే దిగుతారేటో! బెంగాల్లో దిగినోడు నాకు తెలిసి ఒక్కడే, సత్యజిత్ రాయ్ 1962లో ‘సందేశ్’ పత్రికలో రాసిన కథలో. ఆడూ ఎవర్నీ ఏమీ చెయ్యలేదు. వెదురుతోపులో దిగి, అందరూ ఆటపట్టించే ఒక బడిపంతులికి కాస్త ధైర్యం చెప్పి పోయేడు.

నిజంగా ఆకాశంలోంచి వచ్చినోళ్ల సంగతి అడగండి, చెప్తాను. ఈ ఖరగ్‌పూర్ మలంచాలో కూర్చునే చూసేం.

మొదటోళ్లు మా నాన్న పదహారో ఏట వచ్చేరు. 1944. అప్పటికి మనకింకా తెల్లోడి రైల్వే, బీఎన్నార్. ఉన్నట్టుండి అమెరికా వాళ్లు నాలుగింజన్ల బి-29 విమానాలు తెచ్చి సలువా, దుధ్‌కుండి, చాకులియా, పియార్‌డోబాల్లో దించేరు. వాళ్ల పెద్ద ఆఫీసు ఎక్కడనుకున్నారు? హిజిలీ జైల్లో. ఇప్పుడు ఐఐటీ లోపలుందే, ఆ పాత భవనం. ఆ విమానాలు ఇక్కణ్ణుంచి హిమాలయాలు దాటి చైనాలో చెంగ్డూకి పోయి, అక్కణ్ణుంచి జపాను మీదికెళ్లేవి. ఒక్కో దాని రెక్కలు ఈ కొసనుంచి ఆ కొసకి 43 మీటర్లు. మా క్వార్టర్ల వరస మొత్తం ఆ నీడలో పడుతుందనేవాడు నాన్న.

అయితే మొట్టమొదటి దాడి జపాను మీద కాదు. జూన్ 5న ఇక్కడి మైదానాల నుంచి 98 విమానాలు బ్యాంకాక్ మీద బాంబులెయ్యడానికి లేచేయి. దేనిమీదంటే, రైలు వర్క్‌షాపు మీద. ఆ సంగతి మాత్రం నాన్న నవ్వకుండా చెప్పేవాడు. “అక్కడా మనలాంటి ఖలాసీలే కదరా” అనేవాడు.

గుంటలకి అవేవీ పట్టవు. నాన్నా, ఆయన జట్టూ గుడ్లు పట్టుకెళ్లి సోల్జర్లకిచ్చి, వాళ్లు తిని పారేసిన రేకు డబ్బాలు తెచ్చుకునేవారు. మీ మామ్మ బియ్యం కొలిచే డబ్బా ఉందే, అడుగున సొట్ట పడి, అంచు సుత్తితో మడత పెట్టుంటాది, అదే. ఎనభై ఏళ్లయింది. స్టీలు గ్లాసు వాడమంటే వినదు. కొలత మారిపోతాదిట.

రెండోసారి నావంతు. 1965 సెప్టెంబరు, నాకు పద్నాలుగు. పాకిస్తాన్‌తో యుద్ధం. యుద్ధమంటే ఎక్కడో పంజాబులో అనుకున్నాం. కానీ కలైకుండాలో మన వైమానిక దళం ఉంది, ఇక్కడికి పట్టుమని పది కిలోమీటర్లు. తూర్పున ఢాకా అప్పుడు వాళ్లదే. అంచేత మాకు పెద్దలు పనులు పంచేరు. మైదాపిండి జిగురు కాచి కిటికీ అద్దాలకి పాత కాగితాలంటించడం నాది. లాంతరు చిమ్నీకి పైసగం మసి పూయడం మా చెల్లిది. మగపిల్లలందరం కలిసి క్వార్టర్ల వెనకాల వంకరటింకరగా కందకం తవ్వేం. తవ్విన మర్నాడే వాన. మోకాల్లోతు నీళ్లు, నీళ్లనిండా కప్పలు. మా అమ్మ ఒక్కమాట చెప్పేసింది: “బాంబు పడితే పడనీ, నేనా గోతిలో దిగను.”

అసలు చిక్కు సైరన్‌తో వచ్చింది. ఈ ఊరు బతికిందే సైరన్ మీద. వర్క్‌షాపు కూత వింటే అన్నం వండాలా, కేరేజీ కట్టాలా, అంతా తెలిసిపోయేది. ఇప్పుడు ఇంకో కూత నేర్చుకోమన్నారు. పైకీ కిందికీ ఊళలాగ ఊగితే విమానం వస్తన్నట్టు, సమంగా ఒకే గొంతున మోగితే గండం తప్పినట్టు. సమంగా మోగేది షిఫ్టు కూతే కదా! గండం తప్పిందన్న కూతకి మా పక్కింటి ఖలాసీ మామ కేరేజీ పట్టుకుని డ్యూటీకి బయల్దేరిపోయేడు. సగం దారిలో గుర్తొచ్చింది, ఆరోజు తనకి సెలవని.

సెప్టెంబరు 7, మంగళవారం. పొద్దున్నే కలైకుండా వైపు ధన్‌ధన్‌మని చప్పుడు, తర్వాత నల్లగా పొగ. పాకిస్తాన్ సేబర్లు వచ్చి నేలమీదున్న మన విమానాల్ని కాల్చేసి పోయేయి. అంతటితో అయిపోయిందనుకున్నాం. పదీ పదిన్నరకి మళ్లీ నాలుగొచ్చేయి. ఈసారి మన హంటర్లు రెండు పైనున్నాయి. ఒకదాంట్లో ఆల్‌ఫ్రెడ్ కుక్, రెండోదాంట్లో మమ్‌గైన్. ఈ పేర్లేవీ మాకప్పుడు తెలీదు. మాకు కనిపించింది ఎండలో తళుక్కుమని తిరగబడే చుక్కలు, చెట్ల నెత్తిమీంచి పోతన్నట్టు మోత.

మా అమ్మ, ఆ గోతిలో దిగననదే, చెల్లిని చంకనేసుకుని కప్పల్లోకి దూకేసింది. “ఒరే దిగరా” అని అరుస్తంది. మేం ముగ్గురం కుర్రాళ్లం దిగలేదు. దిగేమనే చెప్పేను అమ్మకి, కానీ దిగలేదు. మెడ విరిగేలా పైకే చూస్తన్నాం. భయం లేదా అంటే ఉంది. కాళ్లు వణికినట్టు ఇప్పటికీ గుర్తే. కానీ కళ్లు కిందికి రాలేదు, ఏం చెయ్యమన్నారు? ఐఐటీ కుర్రాళ్లూ అలాగే నిలబడి చూసేరని తర్వాత విన్నాం. ఒక సేబర్ కూలిపోయింది. దాంట్లో అఫ్జల్ ఖాన్ అని ఓ కుర్ర పైలట్ పోయేడు. కుక్‌కీ మమ్‌గైన్‌కీ వీరచక్రాలిచ్చేరు.

మధ్యాహ్నానికల్లా ఖాళీ తూటా గొట్టాలు రాలేయని ఊళ్లో పుకారు. అంతే, మేం ముగ్గురం పొలాలమ్మట పరుగు. ఒక్కటీ దొరకలేదు. వరిలో కాళ్లు కోసుకుని, చీకటి పడ్డాక ఇంటికొస్తే, నాన్న చేతిలో పడ్డాయి మిగతావి. బ్లాకవుట్ కదా, ఎక్కడ కొడతన్నాడో నాన్నకీ కనపళ్లేదు.

మూడోది మనిషి కాదు, మనిషి కట్టిన ఇల్లు. స్కైలాబ్. 1973లో అమెరికా వాళ్లు ఎగరేసేరు, 77 టన్నులు. ముగ్గురేసి చొప్పున మూడు జట్లు అందులో కాపురం చేసొచ్చేయి. 1974 ఫిబ్రవరి నుంచి ఖాళీ కొంప. సూర్యుడు ఉద్రేకంగా ఉన్న రోజుల్లో పైనున్న గాలి వేడెక్కి ఉబ్బుతాదిట. ఆ గాలి రాపిడికి అది కొంచెం కొంచెంగా కిందికి దిగింది. నేనప్పటికి వర్క్‌షాపులో ఫిట్టర్ని. మా వీధి గుంటలకి ఇలా చెప్పేను: బ్రేకు బ్లాకు చక్రానికి ఆనితే బండి నెమ్మదిస్తాది కదా, అదే ఇదీనని. ముక్క ఎవరో ఒకరికి తగిలే అవకాశం 152లో ఒక వంతని నాసా లెక్క. 152 అంటే తక్కువా ఎక్కువా అని అడిగేడొకడు. లాటరీ కొనేవాడికి చాలా ఎక్కువ అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

ఊర్నుంచి ఉత్తరాలు: కోళ్లు కోసుకు తినేస్తన్నారు, అప్పులు తీర్చడం మానేసేరు, కొందరైతే కొత్తగా చేస్తన్నారు. ఆ వెర్రి మీద 2021లో ‘స్కైలాబ్’ అని సినిమా కూడా వచ్చింది, కరీంనగర్ వైపు బండలింగంపల్లి కథ. మన వీధిలోనూ ఓ పెద్దాయన సంక్రాంతికని పెంచుతున్న పుంజుని జూలైలోనే కోసేడు. పులుసు మాకూ పంపేడు, అబద్ధం చెప్పకూడదు.

1979 జూలై 11, బుధవారం. రాత్రి పది దాటింది. అందరూ వాకిళ్లలోనే. ఇంతలో నింపురా యార్డులో వ్యాగన్లు ఢీకొన్న చప్పుడు, రోజూ వచ్చేదే. ఆ రాత్రి మాత్రం వీధి వీధంతా మంచాల కిందికి దూరింది. సరిగ్గా ఆ వేళకే అది హిందూ మహాసముద్రం దాటి ఆస్ట్రేలియాలో ఎస్పెరన్స్ చుట్టుపక్కల ముక్కలై పడింది. ఎవరికీ ఏమీ కాలేదు. అక్కడి పంచాయితీ వాళ్లు చెత్త పోసినందుకని అమెరికాకి 400 డాలర్ల జరిమానా రాసేరు. చూడండి తమాషా, మన కుక్ కూడా తర్వాత ఆస్ట్రేలియాలోనే స్థిరపడ్డాడు.

ఎస్పెరన్స్‌లో స్టాన్ థార్న్‌టన్ అని పదిహేడేళ్ల కుర్రాడు తన ఇంటి దగ్గర పడ్డ ముక్కలు ఏరి, విమానమెక్కి శాన్‌ఫ్రాన్సిస్కో పోయి, ముందుగా తెచ్చినవాడికని అక్కడి పత్రిక పెట్టిన పదివేల డాలర్లూ పట్టుకెళ్లేడు. ఆ వార్త మన పేపర్లో పడ్డ సాయంత్రం మొదలైంది నాకు.

తలుపు తీస్తే వాకిట్లో ఏడుగురు గుంటలు. మీ నాన్న అందరికన్నా చిన్నోడు, నాలుగేళ్లు, చెడ్డీ జారిపోతంది, గుప్పిట్లో నట్టు. ఒకడి భుజాన గోనెసంచి. నింపురా పట్టాల పొడుగునా ఏరుకొచ్చేరు. “అన్నా, నువ్వు ఫిట్టరువి కదా, వీటిలో స్కైలాబ్ ఏదో చెప్పు.” లాంతరు తెచ్చి ఒక్కోటీ తిప్పి చూసేను. పెండ్రాల్ క్లిప్పు. ఫిష్‌ప్లేటు బోల్టు. అరిగిపోయిన బ్రేకు బ్లాకు, మా షాపు నంబరు పోతపోసి స్పష్టంగా ఉంది.

ఏడు మొహాలు నన్నే చూస్తన్నాయి. బ్లాకు ఎత్తి, బరువు చూసి, “దీన్ని మాత్రం దాచండర్రా, ఇదేటో అనుమానంగా ఉంది” అన్నాను.

ఆ గేటు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టుంటాదే, నల్లగా, అదే.