ఎన్‌సీసీనా, ఎన్‌ఎస్‌ఎస్సా, బస్తీ సంస్థనా? పిల్లలు చేరేముందు చూస్కోవాల్సినవి

డిగ్రీలో సీటొచ్చిన మొదటి నెలలోనే విద్యార్థికి మూడు నాలుగు వైపుల నుంచి పిలుపులు వస్తాయి. కాలేజీ నోటీసు బోర్డు మీద ఎన్‌సీసీ సెలెక్షన్ కాగితం ఉంటుంది. ఎన్‌ఎస్‌ఎస్ చూసే లెక్చరర్ క్లాసుకొచ్చి పేర్లు రాసుకుంటారు. జుమా నమాజు తర్వాత మస్జిద్ గేటు దగ్గర ఎవరో కరపత్రం చేతిలో పెడతారు. ఫోన్ తెరిస్తే ‘యూత్ లీడర్‌షిప్ సర్టిఫికెట్’ ఇస్తామంటూ వాట్సాప్ మెసేజ్. సేవ, నాయకత్వం, భవిష్యత్తు అనే మాటలు అన్నిట్లోనూ ఉంటాయి. సంస్థలు మాత్రం ఒక్క రకం కావు. ఒకటి పార్లమెంటు చట్టంతో నడుస్తుంది, ఒకటి యూనివర్సిటీ ద్వారా, ఇంకోటి జనం ఇచ్చే చందాలు, జకాత్ మీద. తెలీక చేరితే నష్టపోయేది డబ్బు ఒక్కటే కాదు, వయసు కూడా. కొన్నిట్లో మొదటి ఏడాది చేరకపోతే అసలైన సర్టిఫికెట్ ఇక రాదు.

మొదటి ఏడాదే ముఖ్యం

నేషనల్ క్యాడెట్ కోర్, అంటే ఎన్‌సీసీ, 1948లో వచ్చిన చట్టం కింద ఏర్పడింది. రక్షణ మంత్రిత్వ శాఖ కింద పనిచేస్తుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటికీ కలిపి డైరెక్టరేట్ సికింద్రాబాద్‌లో ఉంది. స్కూల్లో చేసినవాళ్లకు ‘ఏ’ సర్టిఫికెట్, కాలేజీలో రెండేళ్లకు ‘బీ’, మూడేళ్లకు ‘సీ’. లెక్క ఇక్కడే ఉంది. డిగ్రీ మూడేళ్లు, ‘సీ’ సర్టిఫికెట్‌కీ మూడేళ్లు. సెకండియర్‌లో తెలుసుకుని వెళ్లినవాడికి ‘బీ’తోనే డిగ్రీ అయిపోతుంది. పేరు రాయించుకుంటే సరిపోదు, పరేడ్లకు 75 శాతం హాజరు ఉండాలి, క్యాంపులకు వెళ్లాలి, చివర్లో పరీక్ష రాయాలి.

‘సీ’ సర్టిఫికెట్ విలువ ఏంటంటే, ఆర్మీలో ఎన్‌సీసీ స్పెషల్ ఎంట్రీ ఉంది. అందులో సీడీఎస్ రాత పరీక్ష రాయనక్కర్లేదు, షార్ట్‌లిస్ట్ అయితే నేరుగా ఎస్‌ఎస్‌బీ ఇంటర్వ్యూ. డిగ్రీలో కనీసం 50 శాతం మార్కులు, ‘సీ’లో కనీసం బీ గ్రేడ్ కావాలి. అమ్మాయిలకూ ఈ దారి ఉంది. బీకాం చదివే పిల్లలు బ్యాంకు పరీక్షలు, సీఏ తప్ప వేరే దారి లేదనుకుంటారు గానీ, ఈ ఎంట్రీకి బీకాం కూడా చెల్లుతుంది.

‘ఎన్‌సీసీలో చేరితే యుద్ధానికి తీసుకెళ్తారేమో’ అనే భయం కొన్ని ఇళ్లల్లో ఇంకా ఉంది. అలాంటిదేం లేదు. క్యాడెట్‌కు సైన్యంలో చేరాల్సిన బాధ్యత ఏదీ ఉండదు. చైనా యుద్ధం తర్వాత 1963లో కాలేజీ విద్యార్థులకు ఎన్‌సీసీ తప్పనిసరి చేశారు, 1968లో మళ్లీ ఐచ్ఛికం చేసేశారు. ఆ రోజులు చూసిన పెద్దవాళ్లు చెప్పిన మాటల వల్ల వచ్చిన భయం కావచ్చు.

అడగాల్సినవి వేరే ఉన్నాయి. యూనిఫాం ఎలా ఉంటుంది, రంజాన్‌లో పరేడ్ పడితే ఏం చేయాలి, పది రోజుల క్యాంపులో భోజనం ఏంటి, నమాజుకు టైం దొరుకుతుందా? ఇవన్నీ కాలేజీలో ఎన్‌సీసీ చూసే లెక్చరర్‌ని చేరకముందే అడగాలి. చేరిన ఆర్నెల్లకు గొడవపడి మానేస్తే ఆ సీటు ఇంకొకరికీ దక్కదు, మనకూ దక్కదు.

ఎన్‌ఎస్‌ఎస్ లెక్క గంటల్లో

జాతీయ సేవా పథకం, ఎన్‌ఎస్‌ఎస్, గాంధీజీ శత జయంతి సంవత్సరంలో, 1969 సెప్టెంబర్ 24న మొదలైంది. అప్పటి కేంద్ర విద్యామంత్రి వి.కె.ఆర్.వి. రావు దీన్ని ప్రారంభించారు. మొదట్లో 37 యూనివర్సిటీలు, 40 వేల మంది విద్యార్థులు. ఇప్పుడు కేంద్ర యువజన వ్యవహారాలు, క్రీడల శాఖ కింద ఉంది. ‘నేను కాదు, నువ్వు’ అనేది దీని నినాదం. బ్యాడ్జి మీద కోణార్క్ రథచక్రం, దాని ఎనిమిది ఆకులు రోజులోని 24 గంటలకు గుర్తు.

ఇందులో ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్లలో 240 గంటలు పనిచేయాలి. దాంతోపాటు దత్తత తీసుకున్న ఊళ్లోనో బస్తీలోనో ఏడు రోజుల ప్రత్యేక క్యాంపు చేయాలి. యూనిట్‌కు సాధారణంగా వంద మంది వాలంటీర్లు, ఒక ప్రోగ్రాం ఆఫీసర్.

కాగితం మీద ఎన్‌ఎస్‌ఎస్ ఎక్కడైనా ఒకటే, కాలేజీని బట్టి తేడా చాలా ఉంటుంది. ఒక చోట పిల్లలు బస్తీలో ఇంటింటికీ తిరిగి టీకాలు వేయించుకోని పిల్లల జాబితా రాస్తారు, ఓటరు నమోదుకు సాయం చేస్తారు. ఇంకో చోట ఏడాదికి నాలుగు ర్యాలీలు, రెండు ఫొటోలు. దీన్ని తెల్సుకోడానికి సీనియర్లను ఒక్క ప్రశ్న అడిగితే చాలు: పోయిన ఏడాది క్యాంపు ఏ ఊళ్లో పెట్టారు, అక్కడ ఏం చేశారు? జవాబు వెంటనే వస్తే ఆ యూనిట్ నడుస్తున్నట్టే. ‘ఏదో చేశాం’ అంటే వాలంటీర్ డైరీలో గంటలు ఎలా నిండాయో ఊహించుకోవచ్చు.

స్కౌట్స్, రెడ్‌క్రాస్, మై భారత్

స్కౌటింగ్ 1907లో ఇంగ్లండ్‌లోని బ్రౌన్‌సీ దీవిలో బేడెన్ పావెల్ పెట్టిన క్యాంపుతో మొదలైంది. మన దగ్గర భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ 1950 నుంచి ఉంది. ఇది స్కూలు పిల్లలకే అని చాలామంది అనుకుంటారు. కాలేజీ వయసు వాళ్లకు రోవర్స్, రేంజర్స్ విభాగాలున్నాయి, 25 ఏళ్ల దాకా ఉండొచ్చు. రైల్వే నియామకాల్లో స్కౌట్స్ అండ్ గైడ్స్ కోటా కూడా ఉంది. హజ్‌కు వెళ్లొచ్చినవాళ్లు మినాలో దారి తప్పిన హాజీలను టెంట్ల దాకా చేర్చే సౌదీ స్కౌట్ కుర్రాళ్లను చూసే ఉంటారు. అదీ ఈ ఉద్యమమే.

రెడ్‌క్రాస్ సొసైటీ మన దేశంలో 1920 చట్టం ప్రకారం నడుస్తోంది. స్కూళ్లలో జూనియర్ రెడ్‌క్రాస్, కాలేజీల్లో యూత్ రెడ్‌క్రాస్. గుర్తు చూసి ఇది క్రైస్తవ సంస్థ అని అనుకోనక్కర్లేదు. చాలా ముస్లిం దేశాల్లో ఇదే సంస్థ రెడ్ క్రెసెంట్ పేరుతో పనిచేస్తుంది. ప్రథమ చికిత్స నేర్చుకోవాలన్నా, రక్తదానంలో పనిచేయాలన్నా ఇక్కడ చేరొచ్చు. రంజాన్, ఎండాకాలాల్లో రక్తదాతలు తగ్గిపోయి తలసీమియా పిల్లల తల్లిదండ్రులు ఎంత తిరుగుతారో హైదరాబాద్‌లో చాలా కుటుంబాలకు తెలుసు. 18 ఏళ్లు నిండి, కనీసం 45 కిలోల బరువుండి, ఆరోగ్యంగా ఉన్నవాళ్లు రక్తం ఇవ్వొచ్చు. మగవాళ్లు 90 రోజులకోసారి, ఆడవాళ్లు 120 రోజులకోసారి.

నెహ్రూ యువ కేంద్రాలు 1972లో వచ్చాయి. వాటి పని ఇప్పుడు ‘మేరా యువ భారత్’ కింద నడుస్తోంది. 2023 అక్టోబర్ 31న ప్రారంభమైన ఈ వేదికలో 15 నుంచి 29 ఏళ్ల వాళ్లు ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవచ్చు. పేరు నమోదు చేయడం పది నిమిషాల పని. దాంతో సేవ చేసినట్టు కాదు, పనికి పిలిచినప్పుడు వెళ్లాలి.

భావజాలం ఉన్న సంస్థలు

మతం లేదా ఒక ఆలోచన పునాదిగా నడిచే యువజన సంస్థలు అన్ని వర్గాల్లోనూ ఉన్నాయి. 1844లో లండన్‌లో పుట్టిన వైఎంసీఏ, హైదరాబాద్ రామకృష్ణ మఠం 2000లో మొదలుపెట్టిన వివేకానంద ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హ్యూమన్ ఎక్సలెన్స్, జమాఅతె ఇస్లామీ హింద్ ఆలోచనా ధారకు చెందిన ఎస్‌ఐఓ (ఇది 1982లో ఏర్పడింది), అన్నీ అలాంటివే. ఇలాంటివి తమ వెనుక ఏ ఆలోచన ఉందో బయటికే చెప్తాయి, అందులో చిక్కేం లేదు. చిక్కల్లా ‘మాకు ఏ సంబంధం లేదు, మేం సేవే చేస్తాం’ అంటూ ఎన్నికల సమయంలో పిల్లలకు జెండాలిచ్చి బండ్ల మీద తిప్పే సంఘాలతోనే. వాళ్ల పోయినేడాది ఫొటోల్లో వేదిక మీద ఎవరు కూర్చున్నారో చూస్తే సగం తెలిసిపోతుంది.

బస్తీ సంస్థకు లెక్కల పుస్తకమే ముఖం

ట్యూషన్ సెంటర్, స్కాలర్‌షిప్, రేషన్ కిట్లు, అంబులెన్స్. బస్తీల్లో ఈ పనులు చేసేవి ఎక్కువగా చిన్న సంస్థలే. సర్కారు పథకాలు అందని ఇంటికి ముందుగా వచ్చేది వాళ్లే. అందుకే వాళ్లను లెక్క అడగడం తప్పుగా చూస్తారు. ‘అల్లా కోసం చేసేవాళ్లని లెక్క అడుగుతావా’ అంటారు. నిజానికి అల్లా పేరు మీద తీసుకున్న డబ్బుకే లెక్క ఎక్కువ ఉండాలి.

మొదట చూడాల్సింది రిజిస్ట్రేషన్. సొసైటీ అయితే 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద జిల్లా రిజిస్ట్రార్ దగ్గర, కంపెనీ అయితే కంపెనీల చట్టం సెక్షన్ 8 కింద నమోదై ఉంటుంది. ట్రస్టుకైతే ట్రస్టు డీడ్ ఉండాలి. నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్‌లో నంబరు ఉందంటే వివరాలు నమోదు చేశారని మాత్రమే అర్థం, సర్కారు మెచ్చుకుందని కాదు. పన్ను మినహాయింపుకు 12ఏ, 80జీ రిజిస్ట్రేషన్లు వేర్వేరు. 80జీ ఉందని చెప్పే సంస్థ దాతకు 10బీఈ సర్టిఫికెట్ ఇవ్వాలి. రెండు వేల రూపాయలు దాటిన నగదు చందాకు ఆ మినహాయింపు రాదు. విదేశాల నుంచి, అంటే గల్ఫ్‌లో ఉన్న విదేశీయుల నుంచో సంస్థల నుంచో డబ్బు తీసుకుంటే ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ తప్పదు. 2020 సవరణ తర్వాత ఆ డబ్బులో పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదు.

తర్వాత ఆడిట్ రిపోర్టు. చాలా సంస్థలు ‘రిసీట్స్ అండ్ పేమెంట్స్’ పేజీ ఒక్కటే చూపిస్తాయి. అందులో చేతికొచ్చిన డబ్బు, చేతి నుంచి పోయిన డబ్బు మాత్రమే ఉంటుంది. ఎవరికి ఎంత బాకీ ఉన్నారో, ఆస్తులేమున్నాయో తెలియాలంటే ఆదాయ వ్యయాల ఖాతా, బ్యాలెన్స్ షీటు కూడా అడగాలి. ఆడిటర్ సంతకం కింద 18 అంకెల యూడీఐఎన్ నంబరు ఉంటుంది. చార్టర్డ్ అకౌంటెంట్ల ఇన్‌స్టిట్యూట్ వెబ్‌సైట్‌లో దాన్ని కొడితే ఆ సంతకం నిజమైనదో కాదో తెలుస్తుంది.

ఉదాహరణకు ఒక సంస్థకు ఏడాదిలో 12 లక్షలు వచ్చాయనుకుందాం. స్కాలర్‌షిప్‌లు 5 లక్షలు, ‘కార్యక్రమాల ఖర్చు’ 4 లక్షలు, జీతాలు లక్షన్నర, మిగులు లక్షన్నర. జీతాలు చూసి కోపం తెచ్చుకునేవాళ్లు ఎక్కువ. పూర్తికాలం పనిచేసే టీచర్‌కు జీతం ఇవ్వకపోతే ఆ ట్యూషన్ సెంటర్ మూడు నెలలు నిలవదు, కాబట్టి అది దండగ కాదు. అడగాల్సింది ఆ 4 లక్షల గురించి. ఫంక్షన్ హాలు, శాలువాలు, మెమెంటోలు, ఫ్లెక్సీలా? పుస్తకాలు, కోచింగా? స్కాలర్‌షిప్ 50 మందికి ఇచ్చారంటే తలా పది వేలు. ఆ డబ్బు కాలేజీ ఖాతాకు వెళ్లిందా, చేతికిచ్చారా, రసీదు ఉందా?

జకాత్ తీసుకునే సంస్థ దానికి వేరే ఖాతా పెట్టాలి. జకాత్ ఎవరికి చెందుతుందో ఎనిమిది వర్గాలుగా ఖురాన్‌లోనే నిర్ణయమై ఉంది, సదఖా, మామూలు చందాల్లో అంత కట్టుబాటు లేదు. అన్నీ ఒకే ఖాతాలో కలిసిపోతే పేద విద్యార్థి ఫీజుకని ఇచ్చిన డబ్బుతో వాలంటీర్ల టీషర్టులు కొన్నా ఎవరికీ తెలీదు. మీ జకాత్ ఖాతాలో పోయిన రంజాన్‌కు ఎంతొచ్చింది, ఎంత మిగిలింది అని అడిగితే మంచి సంస్థ ఖజాంచీకి కోపం రాదు.

అమ్మాయిల విషయంలో

పని ప్రదేశంలో లైంగిక వేధింపులపై 2013లో వచ్చిన చట్టం జీతం లేకుండా వాలంటీర్‌గా పనిచేసే మహిళకూ వర్తిస్తుంది. పది మంది, ఆపైన పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి, దానికి అధ్యక్షత వహించేది మహిళే అయ్యుండాలి. కమిటీలో ఎవరున్నారో గోడ మీద రాసుందా? క్యాంపుకు వెంట వచ్చే మేడం ఎవరు, రాత్రి బస ఎక్కడ, ఫొటోలు సోషల్ మీడియాలో పెట్టేముందు అడుగుతారా? కూతుర్ని పంపాలా వద్దా అని ఇంట్లో జరిగే గొడవ చాలాసార్లు ఈ జవాబులతో తీరిపోతుంది.

డబ్బు కట్టమంటే

‘నేషనల్’, ‘భారత్’, ‘మిషన్’ అని పేరు పెట్టుకుని, పక్కన సింహాల బొమ్మ లాంటి గుర్తు వేసుకుని, మండల కోఆర్డినేటర్ ఉద్యోగమిస్తాం, రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి అనేవాళ్లకు దూరంగా ఉండాలి. జాతీయ చిహ్నాన్ని, సర్కారు పేర్లను ఇష్టమొచ్చినట్టు వాడుకోవడం 1950 నాటి చట్టం కిందే నేరం. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల వెబ్‌సైట్ల చివర సాధారణంగా ‘గవ్ డాట్ ఇన్’ లేదా ‘నిక్ డాట్ ఇన్’ ఉంటుంది. ఆధార్ జిరాక్స్ అడిగితే దాని మీద ఏ పనికి ఇస్తున్నారో, తేదీ రాసి సంతకం పెట్టి ఇవ్వాలి.

ఇప్పటికే ఫైనలియర్‌లో ఉండి ఎన్‌సీసీ దాటిపోయినవాళ్లకు రోవర్స్, రేంజర్స్‌లో 25 దాకా, మై భారత్‌లో 29 దాకా అవకాశం ఉంది. యూత్ రెడ్‌క్రాస్‌లో కాలేజీ వదిలేలోపు ప్రథమ చికిత్స నేర్చుకోవచ్చు. రక్తదానానికి 65 ఏళ్ల వరకు వయసు ఉంది.